డయలప్ ఎంతవరకు వెళ్లి ఆగింది? లినక్స్‌లో మోడెమ్ లోపాన్ని పట్టుకునే పద్ధతి

"నెట్ కనెక్ట్ అవడం లేదు" అన్న మాటలో సమాచారం దాదాపు ఏమీ లేదు. ఫోన్ లైన్ మీద నెట్ కలిపే డయలప్ మోడెమ్ ఉన్న లినక్స్ కంప్యూటర్ విషయంలో ఆ ఒక్క మాట కింద ఎన్నో వేర్వేరు లోపాలు దాక్కుని ఉంటాయి. ముందు లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్, మోడెమ్ తగిలించిన పోర్టును గుర్తించాలి. ఆ పోర్టును తెరిచే అనుమతి యూజర్‌కు ఉండాలి. మోడెమ్ ఆదేశాలకు బదులివ్వాలి. ఎక్స్ఛేంజి నుంచి డయల్ టోన్ రావాలి, నంబరు సరిగ్గా వెళ్లాలి, సర్వీస్ ప్రొవైడర్ వైపు మోడెమ్ ఎత్తాలి, రెండు మోడెమ్‌లూ ఏదో ఒక వేగానికి ఒప్పుకోవాలి. ఆ తర్వాత పీపీపీ (ఫోన్ లైన్ మీద రెండు కంప్యూటర్లు నెట్ డేటా మార్చుకునే పద్ధతి) సంభాషణ, పాస్‌వర్డ్ తనిఖీ, ఐపీ అడ్రస్, డేటాకు దారి చూపే రూటింగ్, చివరికి సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్. వీటిలో ప్రతిదీ ముందుదాని మీద ఆధారపడి ఉంది. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది కనెక్షన్ ఎంతవరకు వెళ్లి ఆగిందనేది. చివరిగా ఏ అడుగు సవ్యంగా జరిగిందో తెలిస్తే, లోపం దాని పక్కనే ఉంటుంది.

ఈ పనికి లినక్స్ ఇచ్చే సాయం పెద్దది. విండోస్‌లో ఈ వ్యవహారమంతా ఒక చిన్న పెట్టె వెనక జరిగేది. డయల్ టోన్ లేకపోతే 680, అవతల ఎవరూ ఎత్తకపోతే 678, పాస్‌వర్డ్ తప్పితే 691 అని ఒక అంకె చూపి ఊరుకునేది. లినక్స్ మాత్రం జరిగిన ప్రతి అడుగునూ సిస్టమ్ లాగ్‌లో రాసిపెడుతుంది. అప్పటి రెడ్‌హ్యాట్ లాంటి వాటిలో మెసేజెస్ అనే ఫైలు, డెబియన్‌లో సిస్‌లాగ్. కనెక్షన్ నడిపే పీపీపీడీ ప్రోగ్రామ్ ఆప్షన్లలో డీబగ్ అన్న ఒక్క పదం చేరిస్తే, అవతలి మెషీన్‌తో నడిచిన సంప్రదింపులన్నీ అందులో వరుసగా ఉంటాయి.

మన దగ్గర డయలప్ రోజుల్లో ఇది డబ్బుతో కూడా ముడిపడిన విషయం. ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. 1998 చివర్లో ప్రైవేటు సంస్థలకూ తలుపులు తెరుచుకున్నాయి. ఆ తర్వాతి కొన్నేళ్లలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి చిన్న పట్టణాల దాకా ఇళ్లలోకి వచ్చిన నెట్ ఎక్కువగా డయలప్పే. గంటల లెక్కన కొన్న ప్యాక్ ఖర్చు ఒకటి, దానిమీద ఫోన్ బిల్లు ఒకటి. నంబరు ఎంగేజ్ వస్తే ఖర్చు ఉండేది కాదు. అవతలి మోడెమ్ ఎత్తిన క్షణం నుంచి మాత్రం మీటరు తిరిగేది, ఆ తర్వాత కనెక్షన్ కుదిరినా కుదరకపోయినా. ఏదో ఒక సెట్టింగ్ మార్చి డయల్ చేసి చూడటం, కాకపోతే ఇంకోటి మార్చి మళ్లీ చేయడం అనే పద్ధతి నేరుగా బిల్లులో తేలేది. అందుకే డయల్ చేయకుండా తేల్చగలిగిన లోపాలన్నీ ముందే తేల్చుకోవాలి. అలాంటివి చాలానే ఉన్నాయి.

అసలు అది మోడెమేనా

లినక్స్‌లో డయలప్ అంటే తలనొప్పి అన్న పేరు రావడానికి పెద్ద కారణం లినక్స్ కాదు, చవక మోడెమ్ కార్డులు. పాతకాలపు మోడెమ్‌లో రెండు పనులు చేసే చిప్పులు ఉండేవి. ఒకటి ఆదేశాలు అందుకుని, తప్పులు సరిదిద్ది, డేటాను కుదించే కంట్రోలర్. రెండోది ఆ అంకెలను ఫోన్ లైన్‌లో వెళ్లే శబ్దంగా, శబ్దాన్ని తిరిగి అంకెలుగా మార్చే సిగ్నల్ ప్రాసెసర్. 1990ల రెండో సగంలో కంప్యూటర్ల ప్రాసెసర్లు వేగం పుంజుకున్నాక, తయారీదార్లు ఈ చిప్పులను తీసేసి ఆ పనిని కంప్యూటర్ ప్రాసెసర్‌కు అప్పగించడం మొదలుపెట్టారు. కొన్ని కార్డుల్లో కంట్రోలర్ మాత్రమే పోయింది, కొన్నింటిలో రెండూ పోయాయి. కోనెక్సెంట్ మొదటి రకాన్ని హెచ్‌సీఎఫ్ అని, రెండో రకాన్ని హెచ్ఎస్ఎఫ్ అని పిలిచింది. పీసీటెల్, లూసెంట్, మోటరోలా, ఇంటెల్ చిప్పులతోనూ ఇలాంటి కార్డులు మార్కెట్ నిండా వచ్చాయి. ధర బాగా తగ్గింది. అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్న ప్రతి ఇంటికీ ఇదే చేరింది.

చిప్పు చేయాల్సిన పనిని డ్రైవర్ చేయాలి, ఆ డ్రైవర్ విండోస్‌కే రాసి ఇచ్చారు. విన్‌మోడెమ్ అన్న పేరు అలా స్థిరపడింది. లోపల ఏముందో చెప్పే పత్రాలు బయటికి ఇవ్వలేదు కాబట్టి లినక్స్ ప్రోగ్రామర్లు సొంతంగా రాసే వీలు కూడా పెద్దగా లేకపోయింది. కార్డు పెట్టిన యూజర్‌కు ఇవేవీ తెలియవు. విండోస్‌లో పనిచేసే మోడెమ్ లినక్స్‌లో చేయడం లేదు, కాబట్టి తప్పు లినక్స్‌దే అనుకునేవారు. ఇది అన్యాయమైన నింద. అయినా అది వేలమందిని లినక్స్‌కు దూరం చేసింది.

ఏ కార్డు ఉందో తెలుసుకోవడానికి డబ్బా మీది బ్రాండ్ పేరు పనికిరాదు. ఒకే బ్రాండ్ డబ్బాలో ఈ ఏడు ఒక చిప్పు, మరుసటి ఏడు ఇంకో చిప్పు ఉండొచ్చు. ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం ఇస్తే పీసీఐ స్లాట్లలో ఉన్నవన్నీ కనపడతాయి. మోడెమ్ వరుసలో సీరియల్ కంట్రోలర్ అని ఉంటే చాలా సందర్భాల్లో అది అసలైన హార్డ్‌వేర్ మోడెమ్. కమ్యూనికేషన్ కంట్రోలర్ అని ఉంటే విన్‌మోడెమ్ అనుకోవచ్చు. దానికి తోడు తయారీదారు సంకేతం చూడాలి: 11సీ1 అయితే లూసెంట్ లేదా దాని వారసురాలు అగీర్, 14ఎఫ్1 కోనెక్సెంట్, 134డీ పీసీటెల్, 8086 ఇంటెల్. కార్డును బయటికి తీసి పెద్ద చిప్పు మీద అచ్చయిన నంబరు చదవడం ఇంకా నమ్మకమైన పద్ధతి. మదర్‌బోర్డులో ఉండే ఏసీ97 మోడెమ్‌లు, ల్యాప్‌టాప్ మోడెమ్‌లు సౌండ్ చిప్పుతో కలిసి ఉండటం వల్ల ఇంకొంచెం చిక్కు. వాటిలో చాలావాటికి స్మార్ట్‌లింక్ వారి ఎస్ఎల్‌మోడెమ్ డ్రైవర్ పనికొచ్చింది.

లూసెంట్ చిప్పు దొరికిన వాళ్లు అదృష్టవంతులనే చెప్పాలి. ఎల్‌టీమోడెమ్ డ్రైవర్‌లో గుట్టుగా ఉంచిన భాగం తయారైన ఫైలుగా వచ్చేది, దాని చుట్టూ ఉన్న కోడ్‌ను మాత్రం మన కెర్నల్‌కు తగ్గట్టు కంపైల్ చేసుకోవాలి. కోనెక్సెంట్ చిప్పులకు లినక్స్‌యాంట్ అనే సంస్థ డ్రైవర్ ఇచ్చింది. ఉచితంగా ఇచ్చినది 14.4 కేబీపీఎస్ దగ్గర ఆగుతుంది, పూర్తి వేగం కావాలంటే కొనుక్కోవాలి. కనెక్షన్ బాగానే కుదిరి, వేగం మాత్రం ఎప్పుడూ 14.4 దాటని వాళ్లు ఫోన్ లైన్‌ను తిట్టుకునే ముందు ఈ ఒక్క విషయం చూసుకోవాలి.

ఈ డ్రైవర్లన్నిటికీ ఒకే బలహీనత. నడుస్తున్న కెర్నల్ వెర్షన్‌కు, కంపైల్ చేసినప్పటి కెర్నల్ హెడర్ ఫైళ్లకు (డ్రైవర్ తయారీకి కావాల్సిన కెర్నల్ ఫైళ్లకు) పొంతన కుదరకపోతే డ్రైవర్ మాడ్యూల్ లోడ్ కాదు. అన్‌రిజాల్వ్‌డ్ సింబల్స్ అని వరుసగా తప్పులు చూపిస్తుంది. నిన్నటిదాకా పనిచేసిన మోడెమ్ కెర్నల్ అప్‌డేట్ తర్వాత మాయమైందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. పాత కెర్నల్‌తో బూట్ చేస్తే మోడెమ్ తిరిగొస్తుంది, ఆ నెట్‌తోనే కొత్త కెర్నల్‌కు కావాల్సిన డ్రైవర్ తెచ్చుకోవచ్చు. పాత కెర్నల్‌ను తీసేయకుండా ఉంచుకోమని చెప్పేది ఇందుకే.

మొదటిసారి పెట్టుకునే వాళ్లకు ఆ దారి కూడా లేదు. నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి. కంప్యూటర్‌లో విండోస్ కూడా ఉంటే అందులోంచి దింపుకోవచ్చు, లేకపోతే నెట్ సెంటర్‌కు వెళ్లి ఫ్లాపీలో తెచ్చుకోవాలి. 1.44 ఎంబీ ఫ్లాపీలో డ్రైవర్ పట్టేది కానీ కెర్నల్ సోర్స్ పట్టదు. కాబట్టి హెడర్ ఫైళ్లు ఇన్‌స్టలేషన్ సీడీలో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. అసలు ఆ సీడీ కూడా ఎక్కువమందికి పీసీక్వెస్ట్ లాంటి పత్రికతో పాటు వచ్చిందే. 650 ఎంబీ సీడీని సెకనుకు 4.5 కేబీ చొప్పున డయలప్‌లో దింపాలంటే 41 గంటలు పడుతుంది, అదీ మధ్యలో ఒక్కసారి కూడా లైన్ తెగకపోతే.

ఇంత శ్రమ వద్దనుకునే వారికి అప్పుడూ ఇప్పుడూ ఒకటే సలహా: సీరియల్ పోర్టుకు తగిలించే ఎక్స్‌టర్నల్ మోడెమ్. ఖరీదు ఎక్కువే, కానీ డ్రైవర్ గొడవ ఉండదు. పైగా దాని ముందున్న చిన్న లైట్లు లోపాన్ని చెప్పేస్తాయి. లైన్ ఎత్తినప్పుడు ఒకటి, క్యారియర్ (అవతలి మోడెమ్ సిగ్నల్) దొరికినప్పుడు ఒకటి, డేటా వెళ్తున్నప్పుడూ వస్తున్నప్పుడూ వేర్వేరుగా వెలుగుతాయి. యూఎస్‌బీ మోడెమ్ కొనేవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. బయట ఉన్నంత మాత్రాన అది పూర్తి మోడెమ్ కాదు. సీడీసీ ఏసీఎం ప్రమాణం పాటించేవి టీటీవై ఏసీఎం0 అన్న పేరుతో వెంటనే పనిచేస్తాయి, మిగతావి విన్‌మోడెమ్ కోవలోకే వస్తాయి.

పోర్టు, ఆదేశం, బదులు

కార్డు సంగతి తేలాక పోర్టు. డాస్, విండోస్‌లో కామ్1 అన్నది లినక్స్‌లో టీటీవైఎస్0, కామ్2 అన్నది టీటీవైఎస్1. ఒకటి తక్కువగా లెక్కపెట్టడం గుర్తుండక కామ్2 మోడెమ్‌ను టీటీవైఎస్2లో వెతికిన వాళ్లు చాలామంది. విన్‌మోడెమ్ డ్రైవర్లు తమ సొంత పేర్లు పెట్టుకుంటాయి: లూసెంట్‌కు టీటీవైఎల్‌టీఎం0, స్మార్ట్‌లింక్‌కు టీటీవైఎస్ఎల్0, పీసీటెల్‌కు టీటీవైఎస్15. సెట్టింగ్‌లో కనిపించే మోడెమ్ అన్న పేరు వీటిలో ఒకదానికి వేసిన లింకు మాత్రమే. ఆ లింకు తప్పు పోర్టును చూపిస్తుంటే పైన ఎన్ని సెట్టింగులు మార్చినా ఫలితం ఉండదు.

పర్మిషన్ డినైడ్ వస్తే యూజర్‌ను డెబియన్‌లో డయల్‌అవుట్ గ్రూపులో, పాత రెడ్‌హ్యాట్‌లో యూయూసీపీ గ్రూపులో చేర్చాలి. రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) పనిచేసి మామూలు యూజర్‌గా పనిచేయకపోతే ఇంకేదీ అనుమానించనక్కర్లేదు. డివైస్ బిజీ అంటే వేరే ప్రోగ్రామ్ పోర్టును పట్టుకుని ఉంది, లేదా అర్ధంతరంగా ఆగిపోయిన ప్రోగ్రామ్, పోర్టు వాడకంలో ఉందని చెప్పే తన లాక్ ఫైలును వదిలేసి పోయింది.

తర్వాతి పరీక్ష ఖర్చు లేనిది, అన్నిటికన్నా విలువైనది. మినికామ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి ఏటీ అని టైప్ చేసి ఎంటర్ నొక్కాలి. ఓకే అని బదులొస్తే కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య అంతా సవ్యంగా ఉన్నట్టే. ఈ ఏటీ ఆదేశాలు 1981లో హేయిస్ సంస్థ స్మార్ట్‌మోడెమ్‌తో వచ్చాయి, తర్వాత అందరూ అవే తీసుకున్నారు. అసలేమీ రాకపోతే పోర్టు తప్పు, లేదా డ్రైవర్ లేదు. టైప్ చేసిన అక్షరాలు కనపడకుండా ఓకే మాత్రం వస్తే మోడెమ్‌లో ఎకో ఆపి ఉంది, అది లోపం కాదు. ఓకే వస్తుంది కానీ చాలా సెకన్లు ఆగి, అక్షరాలు గుంపులు గుంపులుగా వస్తే అది ఐఆర్‌క్యూ (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే లైన్ నంబరు) తప్పుగా ఉందనడానికి గుర్తు. మోడెమ్ నుంచి పిలుపు అందక, కెర్నల్ తనంతట తాను అప్పుడప్పుడు పోర్టును చూసి వస్తున్నదన్నమాట. సెట్‌సీరియల్ ఆదేశంతో సరైన ఐఆర్‌క్యూ చెప్పాలి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే నడిచే ప్రోగ్రామ్‌లో) ప్లగ్ అండ్ ప్లే ఓఎస్ అన్నది ఆపేస్తే చాలాసార్లు పోర్టుకు కావాల్సినవి బయోసే కేటాయిస్తుంది. టీటీవైఎస్0, టీటీవైఎస్2 రెండిటికీ పాత అలవాటు ప్రకారం ఐఆర్‌క్యూ 4 ఉండటం వల్ల, మౌస్ మొదటి పోర్టులో, మోడెమ్ మూడో పోర్టులో ఉన్న కంప్యూటర్లలో మౌస్ కదిపితే మోడెమ్ ఆగే విచిత్రం జరిగేది.

లైన్ మీద ఏం వినిపిస్తోంది

ఇప్పుడు డయల్ చేయవచ్చు. కనెక్షన్ కుదిరేదాకా మోడెమ్ స్పీకర్‌ను ఆపకూడదు. గోలగా ఉందని ఏటీఎం0 పెట్టేస్తే దొరికే ఆధారాల్లో సగం పోయినట్టే. డయల్ టోన్, అంకెల శబ్దం, రింగు, అవతలి మోడెమ్ పలికే సన్నని కూత, ఆ తర్వాత గరగరమనే బేరం. ఎక్కడ ఆగిందో చెవికే తెలుస్తుంది. నంబరు తప్పైతే ఎక్స్ఛేంజి వారి రికార్డు చేసిన మాట కూడా వినపడుతుంది. స్క్రీన్ మీద మాత్రం అది ఉత్త నో క్యారియర్.

హ్యాండ్‌సెట్ ఎత్తితే టోన్ వస్తోంది, మోడెమ్ మాత్రం నో డయల్‌టోన్ అంటోంది. మన దేశంలో ఇది బాగా ఎదురైన సమస్య, దానికి గట్టి కారణం ఉంది. అమెరికా డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ శబ్దాల కలయిక. మనది 400 హెర్ట్జ్ చుట్టూ ఉండి, నెమ్మదిగా ఊగే ఇంకో తరంగం కలిసిన శబ్దం. అమెరికా మార్కెట్‌కు సిద్ధం చేసిన మోడెమ్ ఇది డయల్ టోన్ కాదనుకుని ఆగిపోతుంది. దీనికి మందు ఏటీఎక్స్3. టోన్ కోసం చూడకుండా డయల్ చెయ్యమని ఆ ఆదేశం చెబుతుంది, ఎంగేజ్ టోన్‌ను మాత్రం గుర్తిస్తూనే ఉంటుంది. నంబరు డయల్ చేసి పీపీపీడీని మొదలుపెట్టే డబ్ల్యూవీడయల్ ప్రోగ్రామ్ కాన్ఫిగ్ ఫైల్లో ఇనిట్3 వరుసలో దీన్ని రాసుకుంటే చాలు. ఆఫీసు ఎక్స్‌టెన్షన్ నుంచి చేసేవారు బయటి లైన్ అంకె తర్వాత ఒక కామా పెడితే మోడెమ్ రెండు సెకన్లు ఆగి మిగతా నంబరు నొక్కుతుంది. పాత ఎక్స్ఛేంజిల్లో టోన్ డయలింగ్ పనిచేయకపోతే ఏటీడీటీ బదులు ఏటీడీపీ.

అవతల ఎత్తింది, గరగర వినిపించింది, తర్వాత నో క్యారియర్. రెండు మోడెమ్‌లకూ వేగం దగ్గర పొత్తు కుదరలేదన్నమాట. 1998లో వచ్చిన వీ.90 ప్రమాణం 56 కేబీపీఎస్ ఇస్తానంటుంది కానీ దానికొక షరతు ఉంది: సర్వీస్ ప్రొవైడర్ నుంచి మన ఎక్స్ఛేంజి దాకా మార్గమంతా డిజిటల్‌గా ఉండి, ఆఖరి రాగి తీగ మీద మాత్రమే అనలాగ్ కావాలి. మధ్యలో ఇంకోసారి అనలాగ్‌గా మారితే ఆ వేగం అసాధ్యం. మోడెమ్‌లు ముందు పెద్ద వేగానికి ప్రయత్నించి, విఫలమై, కిందికి దిగేలోపు గడువు అయిపోతుంది. మోడెమ్‌లో ఆ గడువు ఉండే ఎస్7 రిజిస్టర్ విలువ పెంచడం ఒక దారి. చాలా చిప్పుల్లో ప్లస్ ఎంఎస్ ఆదేశంతో నేరుగా వీ.34కు, అంటే 33.6 కేబీపీఎస్‌కు పరిమితం చేయడం ఇంకా మంచి దారి. అర్ధగంట నిలిచే 33.6, అయిదు నిమిషాలకు తెగే 48 కంటే ఎంతో మేలు.

కనెక్ట్ 115200 అని చూసి సంతోషించేవారికి ఒక మాట. అది కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం. ఫోన్ లైన్ మీద అసలు వేగం తెలియాలంటే చాలా మోడెమ్‌లలో ఏటీడబ్ల్యూ2 ఇవ్వాలి.

కనెక్ట్ అయ్యాక

మోడెమ్ పని ఇక్కడికి పూర్తయింది. ఇకనుంచి ఆగితే కార్డును, లైన్‌ను అనుమానించడం వృథా. లాగ్‌లో ఎల్‌సీపీ టైమౌట్ సెండింగ్ కాన్ఫిగ్ రిక్వెస్ట్స్ అని ఉంటే మన పీపీపీడీ పలకరిస్తోంది, అవతల వినే పీపీపీ లేదు. సాధారణంగా అవతలి మెషీన్ ఇంకా లాగిన్ పేరు అడుగుతూ కూర్చుని ఉంటుంది. సీరియల్ లైన్ ఈజ్ లూప్‌డ్ బ్యాక్ అన్న మాటకూ అర్థం ఇదే: మనం పంపినదాన్ని ఆ లాగిన్ ప్రాంప్ట్ మనకే తిప్పి పంపుతోంది. 8 బిట్ క్లీన్ కాదు అన్న హెచ్చరికా అంతే, పీపీపీ ప్యాకెట్ల బదులు మామూలు అక్షరాలు వస్తున్నాయి. ఈ మూడూ చూడటానికి వేర్వేరు లోపాల్లా ఉంటాయి, కారణం మాత్రం ఒకటే. పేరు, పాస్‌వర్డ్ అడిగే పాత తరహా సర్వర్ అయితే డయల్ చేసే స్క్రిప్టు వాటిని ఇవ్వాలి. అడగకుండా నేరుగా పీపీపీ మొదలుపెట్టే సర్వర్ అయితే డబ్ల్యూవీడయల్‌లో స్టుపిడ్ మోడ్‌కు యెస్ (అవును) అని పెట్టాలి. అప్పుడది ప్రాంప్ట్ కోసం చూడకుండా వెంటనే పీపీపీడీకి అప్పగిస్తుంది. దేశంలో చాలా కనెక్షన్లను ఈ ఒక్క వరుసే పనిచేయించింది.

పీపీపీడీ ముగిసేటప్పుడు ఇచ్చే అంకెలను కూడా గుర్తుంచుకోవడం మంచిది. 7 అంటే పోర్టు తెరుచుకోలేదు. 8 అంటే డయల్ చేసే స్క్రిప్టు విఫలమైంది. 10 అంటే పీపీపీ సంప్రదింపు కుదరలేదు. 15 అంటే అవతలి వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. 16 అంటే మోడెమ్ ఫోన్ పెట్టేసింది. 19 అంటే మన పాస్‌వర్డ్‌ను వాళ్లు ఒప్పుకోలేదు. 11 మాత్రం చాలామందిని తికమక పెట్టింది. అది అవతలి మెషీన్ తనెవరో మనకు రుజువు చేసుకోలేదన్న ఫిర్యాదు. ఏ సర్వీస్ ప్రొవైడరూ అలా రుజువు చేసుకోదు, కాబట్టి ఆప్షన్లలో నోఆథ్ అని రాయాలి. మరోవైపు, పీపీపీ కంప్రెస్ 21 మాడ్యూల్ దొరకలేదు అన్న వరుస చూసి కంగారు పడే పనేలేదు. అదొక ఐచ్ఛిక కుదింపు పద్ధతి, లేకపోయినా కనెక్షన్ నడుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేసిన లోపం దీని తర్వాత వస్తుంది. లాగ్‌లో లోకల్ ఐపీ, రిమోట్ ఐపీ రెండూ వచ్చాయి, కనెక్షన్ నిలబడింది, బ్రౌజర్‌లో మాత్రం ఒక్క పేజీ రాదు. అప్పుడు పేరుతో కాకుండా ఏదైనా తెలిసిన ఐపీ అడ్రస్‌కు పింగ్ చేయాలి. అది వెళ్లి, పేరుతో వెళ్లకపోతే డీఎన్ఎస్ లోపం. యూజ్‌పీర్‌డీఎన్ఎస్ ఆప్షన్ పెట్టి, రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్లో సర్వర్ల అడ్రసులు చేరాయో లేదో చూడాలి. అసలు అడ్రస్‌కే వెళ్లకపోతే లాగ్‌లో కాస్త పైకి వెళ్లి నాట్ రీప్లేసింగ్ ఎగ్జిస్టింగ్ డిఫాల్ట్ రూట్ అన్న వరుస వెతకాలి. కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డు ఉండి, ఇన్‌స్టలేషన్‌లో దానికొక గేట్‌వే (బయటి నెట్‌కు వెళ్లే దారి) నంబరు రాసి ఉంటే, ప్యాకెట్లన్నీ కేబుల్ కూడా తగిలించని ఆ కార్డు వైపే పోతాయి. పీపీపీడీ మర్యాదగా ఆ పాత దారిని మార్చకుండా వదిలేస్తుంది. నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్‌లోంచి గేట్‌వే తీసేస్తే సమస్య అక్కడే తీరుతుంది. పైన చెప్పిన 11వ నంబరు ఫిర్యాదుకు కూడా చాలాసార్లు మూలం ఇదే. కంప్యూటర్‌కు వేరే డిఫాల్ట్ రూట్ ఉందంటే అది ఏదో నెట్‌వర్క్‌లో భాగమని భావించి పీపీపీడీ అవతలివారిని రుజువు అడుగుతుంది.

కొన్ని సైట్లు మాత్రమే రాకపోతే, అది 2.4 కెర్నల్ తొలి రోజులదైతే, నెట్ రద్దీని ప్యాకెట్ల మీద గుర్తుతో తెలిపే ఈసీఎన్ అనే సదుపాయాన్ని ఆపి చూడాలి. అప్పటి కొన్ని ఫైర్‌వాల్‌లు ఆ గుర్తున్న ప్యాకెట్లను పడేసేవి.

తెగిపోయే లైన్లు

కుదిరిన కనెక్షన్ మధ్యలో తెగడం వేరే జాతి సమస్య. కాల్ వెయిటింగ్ ఉంటే ఆ చిన్న శబ్దం చాలు, మోడెమ్ క్యారియర్ పోయిందనుకుంటుంది. ఎస్10 రిజిస్టర్ విలువ పెంచితే కాసేపు ఓర్చుకుంటుంది, కాల్ వెయిటింగ్ ఆపించుకోవడం అంతకన్నా నయం. పక్క గదిలో పారలల్ ఫోన్ ఎత్తడం మరో కారణం, దానికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. వానాకాలంలో మాత్రమే తెగితే స్తంభం దగ్గరి జాయింటులో తడి. హ్యాండ్‌సెట్ ఎత్తి ఒక అంకె నొక్కితే టోన్ ఆగుతుంది, ఆ నిశ్శబ్దంలో గరగర వినపడితే లైన్‌మన్‌కు చెప్పాల్సిందే.

లైన్ శుభ్రంగా ఉండి, పెద్ద ఫైలు దింపేటప్పుడు మాత్రమే వేగం పడిపోతే లోపం కంప్యూటర్ లోపల ఉంది. ప్రాక్ ఫోల్డర్‌లో సీరియల్ డ్రైవర్ లెక్కలు చూస్తే ఓఈ అనే అక్షరాల పక్కన అంకె పెరుగుతూ ఉంటుంది. వచ్చిన అక్షరాన్ని తీసుకునేలోపే ఇంకోటి వచ్చి పడిందని దానర్థం. సీరియల్ పోర్టును నడిపే 16550ఏ చిప్పు 16 అక్షరాలను దాచుకోగలదు, అంతకుముందు చిప్పులు ఒక్కటే. ఆ కాలపు ఐడీఈ డిస్కు రాస్తున్నంతసేపు కెర్నల్ మిగతా పిలుపులను ఆపి ఉంచేది. హెచ్‌డీపార్మ్‌తో డిస్కుకు ఆ నిషేధం తీసేస్తే డౌన్‌లోడ్ నిలకడగా నడుస్తుంది. సీఆర్‌టీఎస్‌సీటీఎస్ ఆప్షన్ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. అది లేకపోతే మోడెమ్, కంప్యూటర్ ఒకదాన్నొకటి ఆగమని చెప్పుకోలేవు.

అమెరికాలో ఏఓఎల్ 2025 సెప్టెంబరు 30న డయలప్ సేవను ఆపేసింది. మన దగ్గర రాగి తీగల మీది డయలప్ అంతకు చాలాముందే బ్రాడ్‌బ్యాండ్‌కు చోటిచ్చింది. ఇదే యంత్రాంగం మాత్రం సిమ్ మోడెమ్‌లలో బతికే ఉంది. 2010 చుట్టుపక్కల వాడిన యూఎస్‌బీ డాంగిల్స్ జీఎస్ఎం అయితే స్టార్ 99 హ్యాష్, సీడీఎంఏ అయితే హ్యాష్ 777 డయల్ చేసేవి. ఆ పని చేసింది అదే డబ్ల్యూవీడయల్, అదే పీపీపీడీ. వాటికి డయల్ టోన్, క్యారియర్ గొడవలు లేవు. కొత్తగా రెండు చిక్కులు చేరాయి. డాంగిల్ పెట్టగానే అది తనలోని విండోస్ సాఫ్ట్‌వేర్‌ను చూపించే సీడీ డ్రైవ్‌లా కనపడుతుంది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ దాన్ని మోడెమ్‌గా మార్చాక గానీ టీటీవై యూఎస్‌బీ0 రాదు. వచ్చిన మరుక్షణం మోడెమ్ మేనేజర్ అనే సర్వీస్ ఆ పోర్టును తెరిచి తన ఆదేశాలతో పరీక్షించడం మొదలుపెడుతుంది. డబ్ల్యూవీడయల్‌కు డివైస్ బిజీ వస్తుంది, లేదా ఓకే రావాల్సిన చోట సంబంధం లేని బదులు వస్తుంది. డబ్ల్యూవీడయల్‌తోనే నడపాలనుకునేవారు ముందు ఆ సర్వీస్‌ను ఆపి, డాంగిల్‌ను తీసి మళ్లీ పెట్టి, మినికామ్‌లో ఏటీ కొట్టి ఓకే వస్తోందో లేదో చూసుకోవాలి.